'మా అన్నయ్య' అన్నందుకు 18 నెలలు: కెనడా స్పౌజ్ స్పాన్సర్‌షిప్ అప్పీల్, నా అనుభవం

పోయిన గురువారం డ్యూటీకి బయల్దేరుతుంటే మా లాయర్ దగ్గర్నుంచి మెయిల్ వచ్చింది. అప్పీల్ నెగ్గాం. కారు స్టార్ట్ చేసినదాన్ని మళ్లీ ఆపేసి పార్కింగ్‌లోనే పావుగంట కూర్చున్నాను. సంతోషం కంటే కోపమే ఎక్కువ వచ్చింది. అది చల్లారకముందే రాసేస్తున్నా.

నేను మిస్సిసాగాలో ఒక వృద్ధుల హోమ్‌లో పీఎస్‌డబ్ల్యూగా, అంటే అక్కడి పెద్దవాళ్ల బాగోగులు చూసే పని చేస్తాను. స్టూడెంట్‌గా వచ్చి, ఎవరి దయా లేకుండా పీఆర్ (శాశ్వత నివాస హక్కు) తెచ్చుకున్నాను. గొప్ప చెప్పుకుంటున్నా అనుకోండి, పర్లేదు. మొదటి పెళ్లి ఇక్కడే జరిగింది, ఇక్కడే విడాకులూ అయ్యాయి. 2022 మాఘమాసంలో అన్నవరం కొండ మీద మళ్లీ పెళ్లి చేసుకున్నాను. మా ఆయనది సామర్లకోట, మోటార్ వైండింగ్ షాపు. నాకంటే నాలుగేళ్లు చిన్న, తనకి ఇదే మొదటి పెళ్లి. సంబంధం తెచ్చింది కాల్గరీలో ఉండే వాళ్ల పెదనాన్న కొడుకు. ఈ చివరి ముక్క గుర్తుంచుకోండి, తంటా అంతా అక్కడే వచ్చింది.

తనని ఇక్కడికి తెచ్చుకోవడానికి స్పాన్సర్‌షిప్ అప్లికేషన్ వేశాం. ఫీజు కట్టడం, హైదరాబాద్ వెళ్లి బయోమెట్రిక్స్ ఇవ్వడం, మెడికల్, పోలీస్ క్లియరెన్స్, ఇవేవీ కష్టం కాదు. ఫారాలు మాత్రం ఒక కన్సల్టెంట్ చేత నింపించాను. అదీ నేను చేసిన తప్పు. 'మీరిద్దరూ ఎలా పరిచయమయ్యారు' అన్న చోట ఆ మహానుభావుడు మూడే మూడు లైన్లు రాశాడు, అందులో 'ఫ్యామిలీ ఫ్రెండ్ ద్వారా' అని ఒకటి. ఎవరా ఫ్రెండ్ అని అడిగితే, 'అందరికీ ఇలాగే రాస్తామమ్మా, ఏం కాదు' అన్నాడు. మీ ఫారం మీరే రాసుకోండి. ఇంగ్లీష్‌లో తప్పులుంటే ఉండనీయండి.

2023 జులైలో మా ఆయన్ని ఢిల్లీకి ఇంటర్వ్యూకి పిలిచారు. ఆఫీసర్ అడుగుతుంటే మధ్యలో ఒకరు తెలుగులోకి చెప్పారట. బయటికి రాగానే ఫోన్ చేసి 'బాగా జరిగింది, గంట పట్టింది, చివర్లో థాంక్స్ కూడా చెప్పారు' అన్నాడు. ఆ రాత్రి హోమ్‌లో నా తోటివాళ్లకి డోనట్లు కూడా పంచాను. సెప్టెంబర్‌లో రిజెక్షన్ లెటర్ వచ్చింది. ఇమ్మిగ్రేషన్ రెగ్యులేషన్లలో 4(1) సెక్షన్. ఈ పెళ్లి నిజమైనదని నాకు నమ్మకం కలగలేదు, ప్రధానంగా ఇమ్మిగ్రేషన్ కోసమే జరిగింది అని రాశారు. కారణాలు రెండు పేరాల్లో ముగించారు.

అసలు సంగతి తెలియాలంటే ఆఫీసర్ కంప్యూటర్‌లో రాసుకున్న నోట్స్ తెప్పించుకోవాలి. జీసీఎంఎస్ నోట్స్ అంటారు, ఐదు డాలర్లు. అప్పీల్ సంగతి తర్వాత, ముందు ఇవి తెప్పించుకోండి. నాకు నైట్ షిఫ్ట్‌లో, బ్రేక్ రూమ్‌లో, మైక్రోవేవ్‌లో అన్నం తిరుగుతుండగా ఆ పీడీఎఫ్ వచ్చింది. తెరిచాను, అన్నం సంగతి మర్చిపోయాను.

సంబంధం ఎవరు తెచ్చారని అడిగారు. 'మా అన్నయ్య' అన్నాడు. ఎక్కడుంటారు? 'కాల్గరీ.' మధ్యలో ఉన్నవాళ్లు దాన్ని 'బ్రదర్' అని చెప్పారు. ఫారంలో అన్నదమ్ములు లేరు, ఒక అక్క ఉంది. పైగా కాల్గరీ ఆయనదీ మా ఆయనదీ ఇంటిపేరు ఒకటే, ఒకే తాత మనవలు మరి. ఆఫీసర్ రాసుకున్నదేమిటంటే, కెనడాలో ఉన్న సొంత అన్నని దాచిపెట్టాడు, ఫారంలో ఫ్యామిలీ ఫ్రెండ్ అని అబద్ధం రాశాడు, ఇతని మాట నమ్మలేం.

అక్కడితో ఆగినా బాగుండేది. 'పెళ్లికాని అబ్బాయి, విడాకులైన, వయసులో పెద్దదైన మనిషిని ఎందుకు చేసుకున్నాడో సంతృప్తికరంగా చెప్పలేకపోయాడు' అని ఒక లైను. తనేం చెప్పాడో కూడా ఉంది: 'మంచిది, కష్టపడుతుంది, నచ్చింది.' అది చాలలేదట. పెళ్లి చిన్నగా జరిగింది, నలభై మందే వచ్చారు, వాళ్ల ఆచారానికి తగ్గట్టు లేదు అని ఇంకో లైను. అన్నవరంలో ముహూర్తాల రోజున ఒక్క రాత్రిలో ఎన్ని పెళ్లిళ్లు అవుతాయో, పక్క పెళ్లి బాజాలకే మన తాళి కట్టించుకుని కొండ దిగేవాళ్లు ఎంతమందో ఆయనకి ఎవరు చెప్పాలి? రెండో పెళ్లికి మా అమ్మ ఊరంతా పిలుస్తుందా?

ఆ లైన్లు చదివాక నాకు రెండు వారాలు మనుషుల మొహం చూడబుద్ధి కాలేదు. విడాకులప్పుడు చుట్టాలు వెనకాల అన్న మాటలే ఇవి. ఇప్పుడు ఇంగ్లీష్‌లో, ప్రభుత్వ ఫైల్లో, నా పేరు కింద.

లెటర్ అందిన 30 రోజుల్లో ఇమ్మిగ్రేషన్ అప్పీల్ డివిజన్‌కి నోటీస్ పంపాలి. ఫీజు లేదు. ఈ హక్కు బయటి దేశం నుంచి ఫ్యామిలీ క్లాస్‌లో అప్లై చేసినవాళ్ల స్పాన్సర్‌కే. భార్యనో భర్తనో విజిటర్‌గా రప్పించి ఇక్కడి నుంచే అప్లై చేస్తే, రిజెక్ట్ అయినప్పుడు ఈ అప్పీల్ ఉండదు, ఫెడరల్ కోర్టుకే పోవాలి. 'ఇక్కడికి రప్పించి వేసుంటే అయిపోయేది కదా' అని సలహా ఇచ్చినవాళ్లలో ఒక్కరికీ ఈ సంగతి తెలియదు.

కొత్తగా మళ్లీ అప్లై చేసుకోమన్నారు కొందరు. చేయను అన్నాను. ఆ నోట్స్ అలాగే ఉంటాయి కదా. అప్పీల్‌లో మంచి ఏంటంటే కేసు మొదటి నుంచి వింటారు, ఆఫీసర్ చూడని కాగితాలూ ఇవ్వొచ్చు. చెడు ఏంటంటే రెండూ మనమే రుజువు చేసుకోవాలి: పెళ్లి నిజమైనదని, చేసుకున్న రోజున అసలు ఉద్దేశం ఇమ్మిగ్రేషన్ కాదని. 2010కి ముందు ఆ రెండిటి మధ్య 'అండ్' ఉండేది, తర్వాత 'ఆర్' చేశారు. అంటే ఒక్కదాంట్లో ఓడినా పోయినట్టే. లాయర్‌కి ఆరు వేల డాలర్లు అయ్యాయి, అన్నీ నైట్ షిఫ్టుల డబ్బులే.

అన్నయ్య సొంత అన్న కాదని రుజువు చేయడానికి మా ఆయన సచివాలయం చుట్టూ తిరిగాడు. అక్కడి వీఆర్వో గారు కాగితం చూసి, 'పెదనాన్న కొడుకు అన్న కాకపోతే ఏమవుతాడండీ?' అన్నారట. ఆయన తప్పు లేదు. చివరికి ఇద్దరి బర్త్ సర్టిఫికెట్లు, కాల్గరీ ఆయన ప్రమాణపత్రం, ఒక వంశవృక్షం తయారు చేశాం. తాత పేరు పైన పెట్టి, కింద గీతలు గీసి, లాయర్ ఒక్కొక్కరి పక్కనా 'కజిన్' అని టైప్ చేయిస్తుంటే మా ఆయన వీడియో కాల్‌లో చూసి, 'అన్నయ్య ఇది చూస్తే బాధపడతాడు' అన్నాడు.

తర్వాత వాట్సాప్. రెండేళ్ల మెసేజీలు. మేం తెలుగుని ఇంగ్లీష్ అక్షరాల్లో కొడతాం కాబట్టి అదంతా అనువాదం చేయించాలి, పేజీకి ఇంత అని. వచ్చిన కట్ట తిరగేస్తే ప్రతి పేజీలోనూ అదే: 'తిన్నావా?' 'తిన్నా. నువ్వు?' 'తిన్నా.' అనువాదకురాలు కింద సంతకం పెట్టి, స్టాంపు వేసి, ఇది యథాతథం అని ధృవీకరించింది. 'తిన్నావా'లకే ఎంత కట్టానో లెక్క వేయలేదు, వేస్తే ఏడుపొస్తుంది.

మిగతా కాలం ఎలా గడిచిందంటే, గడిచింది. ఉగాది ఫంక్షన్లకి వెళ్లడం మానేశాను, 'ఇంకా రాలేదా?' అన్న మాట వినలేక. ఓవర్‌టైమ్ దాచుకుని రెండుసార్లు వెళ్లొచ్చాను, నెలేసి రోజులు. ఆదివారాలు ఫోన్ స్టవ్ పక్కన పెట్టి ఒకే కూర ఇద్దరం వండుకునేవాళ్లం. తనకి ఉప్పు ఎప్పుడూ ఎక్కువే. అత్తగారు మాత్రం ఒక్కసారి కూడా మాట అనలేదు. అది ఇక్కడ రాయకపోతే పాపం.

హియరింగ్ ఈ ఫిబ్రవరిలో, వీడియోలో. ఇక్కడ పొద్దున్న తొమ్మిది, అక్కడ రాత్రి ఏడున్నర. తెలుగు ఇంటర్‌ప్రెటర్‌ని వాళ్లే ఇస్తారు, ముందే అడగాలి. ముందు నన్ను అడిగారు, అప్పుడు మా ఆయన్ని లోపలికి రానివ్వలేదు. ప్రభుత్వం తరఫు ఆయన మర్యాదగానే మాట్లాడాడు గానీ, 'మీ మెసేజీల్లో ఎక్కువ భాగం భోజనం గురించే ఉంది, భవిష్యత్తు గురించి కనపడదు' అన్నాడు. ఏం చెప్పను? మా దగ్గర అదే అడుగుతారండీ అన్నాను. మొదటి పెళ్లి ఎందుకు విరిగిందో అడిగాడు, చెప్పాను. ఈరోజు మీవారు ఏం తిన్నారో తెలుసా అన్నాడు. పప్పుచారు, వంకాయ వేపుడు అన్నాను, పొద్దున్నే చెప్పాడు కదా.

తర్వాత తనని అదే అడిగితే, 'ఏమీ తినలేదండీ' అన్నాడు. నా గుండె ఆగిపోయింది. అయిపోయింది అనుకున్నాను. మరి మీ భార్యకి తిన్నానని ఎందుకు చెప్పారని మెంబరే, అంటే కేసు విని తీర్పిచ్చేవారే అడిగారు. 'తినలేదంటే తను కంగారు పడుతుందండీ, ఇవాళ తను మాట్లాడాలి కదా' అన్నాడు.

ఆ మాటే మమ్మల్ని గెలిపించిందని అమ్మ అందరికీ చెప్తోంది. తీర్పులో దాని ఊసే లేదు. ఏడు పేజీల్లో రెండు పేజీలు అన్నయ్య గురించే ఉన్నాయి: బర్త్ సర్టిఫికెట్లు, కాల్గరీ ఆయన సాక్ష్యం, ఆ మాటని తెలుగువాళ్లు ఎలా వాడతారో ఇంటర్‌ప్రెటర్‌ని మెంబర్ రెండుసార్లు అడిగి రాసుకున్నది.

గెలవడమంటే వీసా రావడం కాదు. ఫైలు మళ్లీ అదే వీసా ఆఫీసుకి పోతుంది. ప్రభుత్వం ఫెడరల్ కోర్టుకి వెళ్లాలంటే 15 రోజుల గడువుంది, ఇవాళ్టికి ఐదు అయ్యాయి. మెడికల్ 12 నెలలే చెల్లుతుంది కాబట్టి మళ్లీ చేయించాలి. పోలీస్ క్లియరెన్స్ మళ్లీ. కుటుంబ వివరాల ఫారం మళ్లీ అడుగుతారని లాయర్ అంది, ముందే నింపి పెట్టుకుందామని నిన్న రాత్రి ఇద్దరం కూర్చున్నాం. తల్లి, తండ్రి, అక్క వరకూ వచ్చాక మా ఆయన ఆగి, 'అన్నయ్యని ఎక్కడ రాయాలి?' అన్నాడు. ఫారం అంతా కిందికీ పైకీ జరిపి చూశాను. అన్నదమ్ములు, అక్కచెల్లెళ్లు, పిల్లలు. కజిన్ అనే గడి ఎక్కడా లేదు.