అమ్మతో దోర్నకల్‌కి

బెజవాడలో రైలెక్కిన దగ్గర్నుంచి అమ్మ ఆ సంచిని ఒళ్ళోంచి దించలేదు. అందులో ఐదు కిలోల బియ్యం. పైన పెడతానంటే ఒప్పుకోలేదు. "ఇవి మనవి కావురా" అంది.

మా చర్చి సంఘం రెండుగా చీలి ఏడాదిన్నర అయింది. కమిటీ ఎలక్షన్ల దగ్గర మొదలైన గొడవ, మాటా మాటా పెరిగి పోలీసు స్టేషన్ దాకా వెళ్ళింది. ఇప్పుడు ఒకే గుళ్ళో ఒక వర్గం ఏడింటికి, ఇంకో వర్గం పదింటికి ఆరాధన చేసుకుంటున్నాయి. చిన్నప్పుడు సండే స్కూల్లో ఒకే చాప మీద కూర్చున్నవాళ్ళం, గేటు దగ్గర ఎదురైతే తల తిప్పుకుంటున్నాం. ఎటు పోయినా రెండోవాళ్ళకి శత్రువులం అవుతామని నేను గుడికి పోవడమే మానేశాను. అమ్మనీ పంపలేదు.

అమ్మ ఒక్కటి మాత్రం మానలేదు. రోజూ ఎసట్లో పోసే ముందు బియ్యంలోంచి ఒక పిడికెడు తీసి, గుడికి కానుకగా డబ్బాలో వేస్తుంది. పురుగు పట్టేలోపు పాతవి వండేసి, వాటి బదులు కొత్తవి కొలిచి పోస్తుంది. ఇవ్వడానికి చోటు లేక డబ్బా నిండిపోయింది. చివరికి "దోర్నకల్ తీసుకెళ్ళు, అక్కడిస్తా" అంది. మా తాతకి దోర్నకల్ బిషప్ అజరయ్య అయ్యగారే తల మీద చేతులుంచి కన్ఫర్మేషన్, అంటే సంఘంలో పూర్తి సభ్యత్వం, ఇచ్చారట. ఆ మాట మా ఇంట్లో ఆస్తిలాగా చెప్పుకుంటారు.

ఖమ్మం దాటాక కాసేపటికే దోర్నకల్ జంక్షన్. స్టేషన్ నుంచి ఆటోలో వెళ్ళాం. గుడి కనపడగానే అమ్మ చెప్పులు విప్పేసింది. నేను మన ఊళ్ళలో చూసే మిషనరీల చర్చిలాంటిది ఊహించుకున్నాను. ఇది వేరు. మసీదు మీద ఉండేలాంటి గుమ్మటాలు, దేవాలయ మండపాన్ని తలపించే రాతి స్తంభాలు. 1939లో ప్రతిష్ఠించారు. మన నేల మీద కట్టిన గుడి మన నేలలాగే ఉండాలన్నది అజరయ్యగారి పట్టుదల. అమ్మ ఒక స్తంభం దగ్గర ఆగి పైకి చూస్తూ ఉండిపోయింది. రాతిలో చెక్కిన అరటిపువ్వు.

"అరటిచెట్టు ఒక్క గెల వేసి పోతుంది. పోతూ పోతూ చుట్టూ పిలకల్ని వదిలిపోతుంది. ఎవరు చెక్కించారో గానీ సేద్యం తెలిసినవాళ్ళేరా" అంది.

అజరయ్యగారిది తిరునల్వేలి వైపు వెళ్ళాలన్‌విళై. తమిళం వదిలి తెలుగు నేర్చుకుని ఈ పల్లెలకి వచ్చారు. 1910లో ఎడింబరోలో జరిగిన ప్రపంచ మిషనరీ సభలో, తెల్ల మిషనరీలు త్యాగాలు చేశారు నిజమే, కానీ మాకు స్నేహితులు కావాలి అని వాళ్ళ ముందే అడిగిన మనిషి. 1912లో ఆంగ్లికన్ (ఇంగ్లండు చర్చి) సంఘంలో మొట్టమొదటి భారతీయ బిషప్ అయ్యారు. 1919లో తరంగంబాడిలో కొద్దిమంది బోధకులు కూర్చుని, మన మధ్య ఈ విభజనలు మనం పెట్టుకున్నవి కావు, బయటనుంచి వచ్చాయి, ఒక్కటవుదాం అని రాసుకున్నప్పుడు ముందు నిలబడినవాళ్ళలో ఆయన ఒకరు. ఆ ఒక్కటవడానికి 28 ఏళ్ళు పట్టింది. ఆంగ్లికన్లు, మెథడిస్టులు, ప్రెస్బిటీరియన్లు, కాంగ్రిగేషనల్ వాళ్ళు కలిసి దక్షిణ ఇండియా సంఘం (సీఎస్ఐ) అయింది 1947 సెప్టెంబరు 27న. ఆయన 1945 జనవరి 1నే కన్నుమూశారు.

ఆయన సమాధి దగ్గర అమ్మకి ఇదంతా చెప్పాను. కొంగు తల మీదికి లాక్కుని, "ఇల్లు కట్టినాయన గృహప్రవేశం చూడకుండానే పోయాడన్నమాట" అంది. ఆ మాటకి నాకు గొంతు పట్టేసింది. ఏడాదిన్నరకే ఆశ వదులుకుని ఇంట్లో కూర్చున్నవాణ్ణి నేను.

ఆ ఆదివారం ప్రభువు సంస్కారం, అంటే రొట్టె, ద్రాక్షరసం పంచుకునే ఆరాధన, ఉంది. కీర్తనలన్నీ మాకు వచ్చినవే. అమ్మ పుట్టిల్లు ఒంగోలు వైపు బాప్తిస్టులు. అక్కడ నీళ్ళలో ముంచి బాప్తిస్మమిస్తారు, మా నాన్నగారి వైపు పసిపిల్లలకి నీళ్ళు చిలకరిస్తారు. పెళ్ళప్పుడు దీని మీద రెండు వైపులా పెద్ద తర్జనభర్జనే జరిగిందట. కానీ కీర్తన ఎత్తుకుంటే అందరిదీ ఒకే రాగం, అందుకే అమ్మ ఇక్కడా పుస్తకం తెరవకుండానే పాడింది.

సంస్కారానికి ముందు సమాధానం, అంటే శాంతి, ఒకరికొకరు ఇచ్చుకోవడం మొదలైంది. మన సీఎస్ఐ ఆరాధన క్రమంలో నాకు అన్నిటికంటే ఇష్టమైన ఘట్టం ఇది. బల్ల దగ్గర అయ్యగారు మొదలుపెడతారు. ఆయన కుడి అరచెయ్యి అవతలి మనిషి కుడి అరచేతికి ఆనుతుంది, ఇద్దరి ఎడమ చేతులూ వాటిని పైనుంచి కప్పుతాయి. అలా ఒక్కొక్కరి చేతి నుంచి ఇంకొకరి చేతికి వెనక బెంచీ దాకా వస్తుంది. మా గుళ్ళో ఇది ఆగిపోయింది. ఎవరి చెయ్యి ఎవరు పట్టుకోవాలో తెలియక ఆగిపోయింది.

నా ముందున్న పెద్దాయన వెనక్కి తిరిగారు. నేనెవరో ఆయనకి తెలియదు, ఎక్కణ్ణుంచి వచ్చానో అడగలేదు. కాయలు కాసి గరుకుగా ఉన్న ఆయన చేతులు నా చేతుల్ని మూసేశాయి, వెచ్చగా. "సమాధానం బాబూ" అన్నారు. నాకు నోట మాట రాలేదు. తిరిగి అమ్మకి ఇచ్చాను. అమ్మ చేతులు వణుకుతున్నాయి.

కానుకలప్పుడు అమ్మ సంచి పట్టుకుని ముందుకు నడిచింది. నేను సాయం పట్టబోతే వద్దంది. రూపాయి చేతిలో ఆడని కూలిజనం ఒకప్పుడు గుడికి ఇచ్చుకున్నది ఇలాంటి పిడికెళ్ళే. మరో ఇద్దరు ముసలమ్మలు కూడా చిన్న మూటల్లో బియ్యం తెచ్చారు. ముగ్గురూ పక్కపక్కనే పెట్టేసి, ఒకరి మొహం ఒకరు చూసుకుని నవ్వుకున్నారు.

తిరుగు రైల్లో అమ్మకి కిటికీ పక్కన సీటు దొరికింది. ఖాళీ సంచి నాలుగు మడతలు పెట్టి హ్యాండ్‌బ్యాగులో పెట్టుకుంది. మధిర దాటాక అడిగింది.

"వచ్చే ఆదివారం మనూళ్ళో ఆరాధన ఎన్నింటికి?"

"ఒకటి ఏడింటికి, ఒకటి పదింటికి. దేనికి పోదామంటావమ్మా?"

"రెంటికీ పోదాం. మధ్యలో ఇంటికొచ్చి టిఫిన్ చేద్దాం."