యాక్సిడెంట్ క్లెయిములో లక్షలు ఎక్కడ జారిపోతాయి

రోడ్డు ప్రమాదంలో ఇంటి మనిషి పోతే పరిహారం కేసు మోటారు ప్రమాదాల ట్రిబ్యునల్లో వేస్తారు. మీరుండే జిల్లాలోనే వేయొచ్చు. 2022 ఏప్రిల్ 1 నుంచి చట్టంలో గడువు 6 నెలలు. తీర్పు ఎప్పుడొచ్చినా, ఎంత వస్తుందన్నది మొదటి వారాల్లో పుట్టిన కాగితాల్ని బట్టే ఉంటుంది.

లెక్క చూడండి. 34 ఏళ్ల తాపీమేస్త్రి, నెలకు 15,000 సంపాదన. భార్య, ఇద్దరు పిల్లలు, తల్లి అతని మీదే బతుకుతున్నారు. సొంత పని, 40 లోపు వయసు. కాబట్టి ముందుముందు పెరిగే ఆదాయం కింద 40 శాతం కలుపుతారు. 21,000 అవుతుంది. ఆధారపడ్డవాళ్లు నలుగురు గనక అతని సొంత ఖర్చు కింద నాలుగో వంతు తీసేస్తారు. మిగిలింది 15,750, ఏడాదికి 1,89,000. దీన్ని వయసును బట్టి ఒక అంకెతో హెచ్చిస్తారు, దాన్నే గుణకం అంటారు. 31–35 ఏళ్లకు గుణకం 16. వెరసి 30,24,000. అంత్యక్రియల ఖర్చు, భార్యాబిడ్డలకూ తల్లికీ తోడు పోయినందుకు ఇచ్చేవి దీనికి అదనం.

అదే వయసు 36 అని తేలితే గుణకం 15. ఒక్క దెబ్బకు 1,89,000 పోయినట్టే. ఆధార్‌లో పుట్టినతేదీ ఉజ్జాయింపుగా వేయించుకున్నవాళ్లు మనలో ఎంతమందో! పుట్టినతేదీకి ఆధార్ రుజువు కాదని, స్కూలు సర్టిఫికెట్టే మేలని సుప్రీంకోర్టు 2024లో చెప్పింది. పదో తరగతి మెమో వెతకండి.

మేస్త్రికి జీతం స్లిప్పు ఉండదు. కాంట్రాక్టరు రాసిచ్చిన సర్టిఫికెట్ ఒక్కటే పెడితే చాలదు, అతను వచ్చి సాక్ష్యం చెప్పాలి. ఫోన్‌పేలో పడ్డ కూలి డబ్బులు, బ్యాంకు స్టేట్‌మెంటు జతచేయండి. ఏమీ లేకపోతే కోర్టు కనీస వేతనం దగ్గరే ఆగే ప్రమాదముంది.

అన్నిటికన్నా పెద్ద చిక్కు ఎఫ్‌ఐఆర్. ఆస్పత్రి వరండాలో బావమరిది కంగారులో "బండి అదుపు తప్పి పడ్డాడు" అని రాసిచ్చేస్తాడు. ఇన్సూరెన్సు లాయరు ఆ ఒక్క వాక్యం పట్టుకునే వాదిస్తాడు. గుద్దిన బండి నంబరు తెలియకపోతే తెలియదనే రాయండి. తర్వాత అతికించిన నంబరు కేసునే ముంచుతుంది. బండి దొరక్కపోతే హిట్ అండ్ రన్ పథకం కింద 2 లక్షలు వస్తాయి.

ఇరవై రోజులు మంచాన పడి ఇంట్లో పోతే పోస్టుమార్టం వద్దనుకుంటారు. అది లేకపోతే, ఆ దెబ్బ వల్లే పోయాడని చూపించడం బహు కష్టం. స్టేషన్‌కు చెప్పాకే దహనం చేయండి.

రాజీ మీద కేసులు తేల్చే లోక్ అదాలత్‌లో డబ్బు త్వరగా వస్తుంది కానీ, అక్కడ సంతకం పెట్టాక అప్పీలుండదు. వెళ్లేముందే పై లెక్క వేసుకుని, అంకె చీటీ మీద రాసుకుని జేబులో పెట్టుకోండి.