తేజ ఒక్క టిక్కీ కూడా రాలేదట!

గుంటూరు మిర్చి యార్డులో మా బాబాయిది కమీషన్ షాపు. గుమాస్తా ఎక్సెల్ నుంచి పంపే సీఎస్‌వీ ఫైలులో (కామాలతో విడదీసిన పట్టిక) తేజ రకం మిర్చి టిక్కీల (బస్తాల) లాట్లను వేరే లిస్టుగా తీయడానికి ఓ షెల్ స్క్రిప్టు (కమాండ్ల చిన్న ప్రోగ్రాము) రాసిచ్చాను. నేనే టైపు చేసుకున్న నాలుగు లైన్లతో పరీక్షించి, వేళకి దానంతటదే నడిచేలా క్రాన్‌లో పెట్టి పడుకున్నాను. పొద్దున్నే ఫోను.

"ఏరా, నిన్న తేజ ఒక్క టిక్కీ కూడా రాలేదంటోంది నీ లిస్టు. ఇక్కడ షాపు ముందు కాలు పెట్టే చోటు లేదు!"

లాగ్ తీస్తే ‘అన్‌ఎక్స్‌పెక్టెడ్ ఆపరేటర్’. ఇది తొందరగానే దొరికింది. బ్యాష్ అనే షెల్ అలవాటుతో, పేర్లు పోల్చడానికి == కొట్టాను, స్క్రిప్టు మొదటి లైనులో మాత్రం ఎస్‌హెచ్ అని ఉంది. ఉబుంటులో 2006 నుంచీ ఆ పేరుతో నడిచేది డ్యాష్ అనే మరో షెల్. దానికి ఒక్క = మాత్రమే తెలుసు.

తర్వాత ‘బ్యాడిగి 355’ రకం దగ్గర మళ్ళీ అదే గోల. పేరు మధ్యలో ఖాళీ ఉంది, ఆ పేరుండే వేరియబుల్‌కి నేను కోట్స్ పెట్టలేదు. షెల్ దాన్ని రెండు ముక్కలు చేసి [ కి అందించింది. ఈ [ ఉత్త గుర్తు కాదు, అదీ ఒక కమాండే. కోట్స్ పెట్టాక ఎర్రర్లన్నీ పోయాయి. తేజ మాత్రం సున్నాయే.

ఎర్రర్ కనిపిస్తే నయం, అది కూడా లేకపోతే అసలు టెన్షన్. విసుగొచ్చి రకం పేరును రెండు బ్రాకెట్ల మధ్య పెట్టి చూశాను. [తేజ] అని రావాలి కదా, ]తేజ అని వచ్చింది! చివరి బ్రాకెట్ వెళ్ళి మొదట్లో కూర్చుంది. ఫైలులో పేర్లు ఇంగ్లీషులో ఉంటాయి. తేజకి నాలుగే అక్షరాలు, పొడవు అడిగితే 5 అంది. విండోస్ ఫైలు, లైను చివర క్యారేజ్ రిటర్న్ (కర్సర్‌ని లైను మొదటికి తెచ్చే కనిపించని గుర్తు). రకం ఆఖరి కాలమ్ కాబట్టి దానికే అంటుకుంది. టీఆర్ కమాండుతో ఆ గుర్తును తీసేయగానే తేజ లాట్లన్నీ బిలబిలా వచ్చాయి.

కానీ ప్రతి లాటుకీ నక్షత్రం గుర్తు! క్వింటాలు 15,000 దాటినవాటికే వేయమన్నాడు బాబాయి. నేను -gt (కంటే ఎక్కువ) అని రాయాల్సిన చోట > పెట్టాను. ఒంటి బ్రాకెట్లో అది పోల్చదు, 15000 అనే పేరుతో ఖాళీ ఫైలు తయారుచేస్తుంది. పోలిక లేక పరీక్ష ప్రతిసారీ నిజమే అయింది. ఆ ఫైలును గుమాస్తా పొరపాటున పెట్టాడేమోనని అప్పటికే రెండుసార్లు డిలీట్ చేసి ఉన్నాను.