స్టార్ ట్రెక్ గొడవ

"డిస్కవరీ అసలు స్టార్ ట్రెక్కే కాదు" అని లంచ్‌లో ఫ్రెండ్ తేల్చేశాడు. స్టార్ ట్రెక్ అంటే అంతరిక్ష ఓడల కథలతో వచ్చే అమెరికన్ టీవీ సిరీస్‌ల వరుస, డిస్కవరీ అందులో ఒకటి. ఇంకేముంది, బాక్సులు సర్దేసి సీట్లకెళ్లినా వాదన ఆగలేదు.

1987లో ఈ వరుసలోనే నెక్స్ట్ జనరేషన్ సిరీస్ వచ్చినప్పుడూ ఇదే మాట. మొదటి సిరీస్ హీరోలు కిర్క్, స్పాక్ లేకుండా ఏంటని. మొదటి సీజన్ నీరసంగానే ఉంటుంది. కానీ అదే సిరీస్ 1992లో 'ది ఇన్నర్ లైట్' అనే ఎపిసోడ్ ఇచ్చింది. ఓడ కెప్టెన్ పికార్డ్ ఎప్పుడో నాశనమైన ఓ గ్రహంలో పెళ్లి, పిల్లలు, ముసలితనం అన్నీ చూసి కళ్లు తెరిస్తే, ఓడలో గడిచింది అరగంట కూడా కాదు! చివర్లో అక్కడ తను వాయించిన పిల్లనగ్రోవిని గుండెకు హత్తుకుంటాడు చూడండి, ఇప్పటికీ నాకు గొంతు పట్టేస్తుంది.

డిస్కవరీలో సీజనంతా ఒకే కథ. అలాంటి ఎపిసోడ్‌కి చోటే దొరకలేదు, నా బాధ కూడా అదే. 2022లో ఇంకో స్టార్ ట్రెక్ సిరీస్, స్ట్రేంజ్ న్యూ వరల్డ్స్, మళ్లీ ఎపిసోడ్‌కో కథ పద్ధతికి వచ్చింది. తిట్టేముందు అదొక్కటి చూడరా అన్నా. చూస్తానన్నాడు.