కీపర్ కేక

గురువారం, రాత్రి 11:30

ఇప్పుడే ఇల్లు చేరాను. అమెరికాలో మేముండే కారీ నుంచి అమ్మాయి కాలేజీకి రానూపోనూ నాలుగు గంటల డ్రైవింగ్. మధ్యాహ్నం నుంచి సెలవు పెట్టి, పొద్దున్నే కలిపిన పులిహోర పెద్ద డబ్బాలో సర్దుకుని బయల్దేరాను. ఆయనకు ఆన్‌కాల్ ఉండి రాలేకపోయారు. అమ్మాయి కాలేజీ ఫుట్‌బాల్ (సాకర్) జట్టులో గోల్‌కీపర్. ఇవాళ్టి మ్యాచ్ 1-1 డ్రా. ఇక్కడి కాలేజీ సాకర్‌లో 2022 నుంచి రెగ్యులర్ సీజన్‌లో ఎక్స్‌ట్రా టైమ్ తీసేశారు కాబట్టి 90 నిమిషాలకు ఎంతుంటే అంతే.

నాకు మ్యాచ్ కంటే వార్మప్ చూడటం ఇష్టం. అందుకే గంట ముందే వెళ్తాను. జట్టంతా అవతలి సగంలో పాస్‌లు ఆడుతుంటే హెడ్ కోచ్ మాత్రం ఇటు కీపర్ల దగ్గరే ఉంటారు. ఆవిడా ఒకప్పుడు కీపరే. ఇవాళ కంచె పక్కనే నిలబడి చూశాను. అమ్మాయి సీసాలో నీళ్ళు గ్లవ్స్ మీద పోసుకుని అరచేతులు రెండూ రుద్దుకుంది. తడి ఉంటేనే బంతి పట్టు దొరుకుతుందట. ఆవిడ ఛాతీ ఎత్తులో వరసగా బంతులు కొడుతున్నారు. పట్టినప్పుడు చప్పుడు గట్టిగా వస్తే ఆపి, మళ్ళీ మొదటి నుంచి. చేతులు బిగుసుకుపోతే అలా చప్పుడొస్తుందని అమ్మాయి చెప్పింది. ఆవిడ కుడిచేతి చిటికెన వేలు కొస దగ్గర పక్కకు ఒంగి ఉంటుంది. కాలేజీలో ఆడేటప్పుడు విరిగిందట. సీజన్ మధ్యలో ఆగడమెందుకని పక్కవేలితో కలిపి టేపు చుట్టుకుని ఆడేశారట.

ఆ తరవాత ఆవిడ ఇక్కడిదాకా వచ్చిన దారి తలుచుకుంటే నాకు చాలా గౌరవం. కాలేజీ ఆటల్లో పై స్థాయి అయిన డివిజన్ 1లో 2023 జూలై దాకా వాలంటీర్ కోచ్ అని ఒక పోస్టు ఉండేది. కాలేజీ జీతం ఇచ్చేది కాదు. చాలా చోట్ల కీపర్ల కోచ్ ఆ పోస్టులోనే ఉండేవారు. ఈవిడ అలా మూడేళ్ళు చేశారు. పొద్దున జిమ్‌లో ఉద్యోగం, మధ్యాహ్నం ప్రాక్టీసు, ఎండాకాలం పిల్లల క్యాంపులు. ఆ తరవాత అసిస్టెంట్, మరో కాలేజీలో మళ్ళీ అసిస్టెంట్, చివరికి హెడ్ కోచ్. అమ్మాయిల జట్లకు కూడా ఎక్కువమంది హెడ్ కోచ్‌లు మగవాళ్ళే ఉన్న ఆటలో ఆవిడ ఇంతకాలం నిలబడ్డారు.

ఆవిడ ఆఫీసులో అమెరికా జట్టు గోల్‌కీపర్ బ్రియానా స్కర్రీ ఫొటో ఉంది. 1999 జూలై 10, రోజ్ బౌల్ స్టేడియంలో 90,185 మంది ముందు చైనాతో మహిళల ప్రపంచకప్ ఫైనల్. అప్పుడు కోచ్‌కు పద్నాలుగేళ్ళు. ఆఖరి పెనాల్టీ కొట్టిన బ్రాండీ చస్టెయిన్ ఫొటో ఊరంతా అంటించుకుంటే, ఈవిడ మాత్రం చైనా మూడో పెనాల్టీ ఆపిన స్కర్రీ ఫొటో పేపర్లోంచి కత్తిరించి దాచుకున్నారు. ఆ జట్టు కోచ్ టోనీ డిచికో కూడా ఒకప్పటి గోల్‌కీపరేనని నాకు చెప్పింది ఆవిడే. 'కీపర్లు కోచ్‌లు అవుతారు, మీరు చూస్తూ ఉండండి' అన్నారు.

నేను పెరిగింది తెనాలిలో. గట్టిగా నవ్వితే మా నాయనమ్మ లోపలి నుంచి గొంతు సవరించేది, అంతే, నవ్వు ఆగిపోయేది. ఆవిడ మీద నాకు కోపం లేదు. కానీ నేనూ అమ్మాయికి అదే నేర్పాను, 'మెల్లగా మాట్లాడు తల్లీ' అని. కాలేజీలో చేరిన కొత్తలో కోచ్ దాన్ని ఖాళీ గ్రౌండ్‌లో గోల్ ముందు నిలబెట్టి, తను సెంటర్ లైన్ దగ్గరికి వెళ్ళి నించున్నారట. డిఫెండర్ల పేర్లు ఒక్కొక్కటీ పిలవాలి. ఆవిడకు వినబడితేనే చెయ్యి ఎత్తుతారు. మొదటి రోజు ఒక్కసారి కూడా చెయ్యి లేవలేదు. ఆ రాత్రి ఫోన్లో ఏడ్చింది. ఏం చెప్పాలో నాకు తోచలేదు, ఎందుకంటే దాని గొంతు తగ్గించింది నేనే.

ఇవాళ 68వ నిమిషంలో అవతలి జట్టుకు కార్నర్, అంటే గ్రౌండ్ మూల నుంచి గోల్ ముందుకు కొట్టే బంతి. 'కీపర్!' అని మా అమ్మాయి కేక. బంతి నాది, మీరు తప్పుకోండి అని దానర్థం. గ్రౌండ్ అవతల మెట్ల మీద ఉన్న నాకు కూడా స్పష్టంగా వినబడింది. ముందుకొచ్చి ఎగిరింది కానీ బంతి అందలేదు. వెనక 24 అడుగుల గోల్ ఖాళీ. అవతలి జట్టు అమ్మాయి తలతో గోల్ కొట్టేసింది. నా గుండె జారిపోయింది. కోచ్ వైపు చూశాను. రెండుసార్లు చప్పట్లు కొట్టి, చేత్తో 'పైకి రా' అని సైగ చేశారు. అంతే.

హైస్కూల్ రోజుల్లో ఇలాంటి గోల్ పడితే కార్లో నేను అనేదాన్ని, 'లైన్ మీదే ఉంటే ఆగేది కదా' అని. ఒకసారి రెండు రోజులు నాతో మాట్లాడలేదు.

పది నిమిషాలకు ఇంకో కార్నర్. ఈసారి రాదనుకున్నాను. మళ్ళీ అదే కేక, ఇంకా గట్టిగా. పిడికిళ్ళతో గుద్దింది. బంతి ఎంతో దూరం పోలేదు గానీ ప్రమాదం తప్పింది. నా పక్కన కూర్చున్న ఒక అమ్మాయి వాళ్ళ నాన్న 'ఆ గొంతు ఎవరిదండీ' అన్నాడు. నాకు కళ్ళు చెమర్చాయి.

మ్యాచ్ అయ్యాక పేరెంట్స్ తెచ్చినవన్నీ బల్ల మీద పెట్టాం. పులిహోర ముందే అయిపోయింది. కోచ్ పేపర్ ప్లేటులో వేరుశెనగ గుళ్ళు ఏరుకుంటూ వచ్చి, నేను అడగకుండానే అన్నారు. 'లైన్ మీద ఉండిపోయి ఉంటే నాకు దిగులయ్యేది. ముందుకు రావడం కరెక్టే. కాకపోతే దగ్గరి పోల్ వైపు మరీ జరిగి నిలబడింది, అందుకే అడుగు తగ్గింది. అది సరిచేసేది నేను.' తప్పు ఎక్కడుందో, ఎవరు సరిచెయ్యాలో ఒక్క మాటలో చెప్పేశారు. నేను దానితో గోల్ సంగతి ఎత్తనే లేదు. 'చలేస్తోంది, జాకెట్ వేసుకో' అని మాత్రం అన్నాను.

ఇప్పుడే మెసేజ్ వచ్చింది. 'చేరావా అమ్మా? శనివారం మొత్తం కార్నర్లేనంట. గొంతు పోయింది, మిరియాల పాలు ఎలా చెయ్యాలో రాసి పెట్టు.'

రాస్తున్నాను.