బర్గండీలో వాలు వెంట నడక

ప్యారిస్‌లో టీజీవీ అనే వేగపు రైలు ఎక్కితే గంటన్నర దాటగానే ఫ్రాన్స్‌లోని బర్గండీ ప్రాంతపు నగరం డిజాన్. అక్కడి నుంచి దక్షిణంగా వెళ్లే చిన్న రైలులో కుడివైపు కిటికీ పట్టుకోవాలి. ఎడమవైపు సోన్ నది మైదానం, చదునైన పంటపొలాలు. కుడివైపు గుట్టల మీది నుంచి పట్టాల వైపు మెల్లగా దిగే వాలు, దాని నిండా బారులు తీరిన ద్రాక్ష. కోట్ డోర్ అంటే ఇదే. డిజాన్ నుంచి సాంతనే దాకా పొడవు సుమారు 50 కిలోమీటర్లు. వెడల్పు చాలాచోట్ల రెండు కిలోమీటర్లు కూడా ఉండదు. బర్గండీ వైన్ కీర్తిలో సింహభాగం ఈ సన్నని పట్టీదే.

ఇక్కడ ఎర్ర వైన్‌కు పినో న్వార్, తెల్లదానికి షార్డొనే అనే ద్రాక్ష రకాలు. గామే అనే మరో రకం విరగకాసేది. దాన్ని పీకించేయాలని 1395లో బర్గండీని ఏలే డ్యూక్ ఫిలిప్ ద బోల్డ్ శాసనం చేశాడు. ఎక్కువ కాయడం కూడా నేరమే అన్నమాట! రకాలు రెండే కాబట్టి పేరున్న సీసాల మీద సాధారణంగా పండు పేరు ఉండదు, నేల పేరు ఉంటుంది. మడి మడికీ ఒక పేరు, హద్దు, హోదా. క్లిమా అని పిలిచే ఇలాంటి 1,247 మడులు 2015లో యునెస్కో వారసత్వ జాబితాకెక్కాయి.

హోదాకు కారణం కాళ్లకే తెలుస్తుంది. వూజో ఊళ్లో దిగి పైకి నడిచాను. రోడ్డు పక్కన మట్టి బరువుగా, బంకగా చెప్పులకు అంటుకుంది. నడి వాలుకు వచ్చేసరికి సున్నపురాయి ముక్కలు కలిసిన గుల్ల నేల; నీరు నిలవదు, తూర్పు ఎండ నేరుగా పడుతుంది. గ్రాన్ క్రూ అనే అత్యున్నత హోదా మడులు ఎక్కువగా ఈ ఎత్తులోనే ఉన్నాయి. ఇంకా పైకి పోతే మట్టి పలచబడి, చివరికి అడవి.

ఈ లెక్కకు లొంగనిది క్లో ద వూజో. సిస్టెర్షియన్ శాఖ క్రైస్తవ సన్యాసులు గోడ కట్టి సాగుచేసిన 50 హెక్టార్ల తోట అది. ఫ్రెంచి విప్లవంలో ప్రభుత్వం దాన్ని స్వాధీనం చేసుకుని అమ్మేసింది. తర్వాత చేతులు మారుతూ, వారసులు పంచుకుంటూ ఇప్పుడు దాదాపు 80 మంది యజమానులకు చేరింది. అన్నదమ్ముల పంపకాల్లో సెంట్లకు దిగిన పొలాలు చూసినవాళ్లకు ఇది కొత్త కాదు. విచిత్రమేమిటంటే పై కొసన కోట పక్కనున్న గుల్ల నేలకూ, కింద రోడ్డును ఆనుకున్న బంకమట్టికీ చట్టం ఒకే గ్రాన్ క్రూ హోదా ఇచ్చింది. ఇక్కడ సీసా కొనేవారు నేల పేరుతో తృప్తిపడకుండా, ఏ యజమానిది, ఆయన వరుసలు గోడలోపల ఎక్కడున్నాయి అని అడగాలి.

అక్కడి నుంచి వోన్ రొమానే ఊరు నడక దూరమే. అక్కడ రాతి శిలువ నిలిపిన 1.8 హెక్టార్ల ప్రఖ్యాత గ్రాన్ క్రూ మడి రొమానే కోంటీని చూడటానికి జనం వస్తూనే ఉన్నారు. దారి మీదే ఉండండి, తోటలోకి దిగవద్దు అని బోర్డు పెట్టారు. ఫిలాక్సెరా పురుగు యూరప్ ద్రాక్షను తుడిచిపెట్టాక అందరూ ఆ పురుగును తట్టుకునే అమెరికా వేరుమొక్కలపై అంటుకట్టుకుంటే, ఈ మడిలో పాత తీగలు 1945 దాకా సొంత వేళ్లపైనే నిలిచాయి. చూడటానికి మాత్రం పక్క మడికీ దీనికీ తేడా నాకేమీ కనిపించలేదు.

బోన్ పట్టణంలో ఓటెల్ ద్యూ చూడకుండా రాకూడదు. తర్వాతి కాలపు డ్యూక్ ఫిలిప్ ద గుడ్ దగ్గర ఛాన్సలర్‌గా, అంటే ప్రధాన మంత్రిగా ఉన్న నికొలా రోలాఁ, భార్య గిగోన్ ద సాలాఁ కలిసి 1443లో పేదలకోసం స్థాపించిన ఆసుపత్రి ఇది. రంగురంగుల పెంకుల కప్పు, బారులు తీరిన మంచాల హాలు, రోజియర్ వాన్ డెర్ వైడెన్ గీసిన అంతిమతీర్పు చిత్రఫలకాలు. దాతలిచ్చిన ద్రాక్షతోటల వైన్‌ను 1859 నుంచి పీపాల లెక్కన వేలం వేస్తున్నారు. పీపాకు 228 లీటర్లు.

నేలమాళిగలో రుచి చూపించేటప్పుడు పక్కనే ఉమ్మే పాత్ర పెడతారు, మొహమాటపడనక్కరలేదు. పినో న్వార్ రంగు పలచగా ఉంటుంది. దాన్ని బట్టి బలహీనమైనదని అనుకోవద్దు. పెద్ద పేర్ల జోలికి పోకుండా సాంతనే, మార్సనే వంటి ఊళ్ల సీసాలు కొనడమే మేలని నా అభిప్రాయం. మాంసం వద్దనుకునేవారికి గుడ్డు, చీజ్ కలిపి కాల్చే గుజేర్ బన్నులు తోడు.

నవంబరు మూడో ఆదివారం వేలం వేళ బోన్ కిక్కిరిసిపోతుంది. మే నెల మొదట్లో వెళ్లడం మంచిది. అప్పటికి ఆకు ఇంకా చిన్నది, మట్టి రంగు మారే చోటు దారిలోంచే పట్టుకోవచ్చు.