అందోంగ్‌లో నా తొలి చూసోక్

మా ఆయన వాళ్లది దక్షిణ కొరియాలోని అందోంగ్. పితృకార్యాల విషయంలో పట్టింపు ఎక్కువని పేరున్న ఊరు. పెళ్లయ్యాక నాకు తొలి చూసోక్, అంటే కొరియన్లు పూర్వీకుల్ని తలుచుకునే పంటల పండుగ, 2024 సెప్టెంబరు 17న వచ్చింది. వాళ్ల చాంద్రమానంలో ఎనిమిదో నెల పున్నమి అది. ఆ మర్నాడే మనకు మహాలయ పక్షం మొదలవుతుందని చెబితే అత్తగారు ఎంతో సంబరపడ్డారు.

పండుగ రైలు టికెట్లు వారాల ముందే అమ్మేస్తారు. వాటిని సంపాదించడమే ఒక యజ్ఞం.

అసలు పని ముందురోజు వంటింట్లో. బియ్యప్పిండిని వేడినీళ్లతో కలిపి, చిన్న ఉండ చేసి, బొటనవేలితో గుంట నొక్కి, దంచిన నువ్వులూ చక్కెరా పెట్టి అర్ధచంద్రాకారంలో మూయాలి. ఇదే సోంగ్‌ప్యోన్. కజ్జికాయలు చేసిన చేతులకు అంచు నొక్కడం ఇట్టే పట్టుబడింది. పైన్ ఆకులు పరిచి వాటి మీద ఆవిరి పట్టిస్తే ఆ వాసన పిండికి పడుతుంది. దించాక చన్నీళ్లలో కడిగి నువ్వుల నూనె రాస్తారు. ఇవి అందంగా చేసిన వాళ్లకు అందమైన కూతురు పుడుతుందని అక్కడో నమ్మకం. మా ఆడపడుచు నా చేతిలోని ప్రతి ఒక్కటీ పరీక్షగా చూసింది!

ఆ తర్వాత జోన్. చేప ముక్కలు, కూరగాయల చక్రాలు పిండిలోనూ గుడ్డు సొనలోనూ ముంచి పెనం మీద వేయించాలి. ఆ ఏడు సెప్టెంబరులోనూ ఎండలు మండిపోయాయి. పొయ్యి దగ్గర నిలబడేది ఆడవాళ్లే. ఇది అన్యాయమని నేను గట్టిగా నమ్ముతాను. కన్ఫ్యూషియన్ ఆచారాలకు పెద్దదిక్కైన సంగ్యున్‌గ్వాన్ సంస్థే 2022లో వేపుళ్లు అవసరం లేదని, తొమ్మిది పదార్థాలు చాలని ప్రకటించింది. ఆ మాట అత్తగారి ముందు ఎత్తాను. ఆవిడ కాసేపు ఆలోచించి, రెండు రకాలతో సరిపెట్టి, కొడుకుల్ని పిలిచి గరిటె అప్పగించారు.

తెల్లవారి చారే, అంటే పూర్వీకులకు నైవేద్యం పెట్టి మొక్కే కార్యం. ఎర్రటి పళ్లు తూర్పున, తెల్లటివి పడమరన. అన్నానికి బదులు సోంగ్‌ప్యోన్. మామగారు మద్యం సమర్పించారు, అందరం రెండేసిసార్లు నేలకు వంగి మొక్కాం. పూర్వీకుల పేరిట రాసి నిలిపిన కాగితాన్ని చివర కాల్చేశారు. నైవేద్యాన్ని అందరం పంచుకుని తిన్నాక కొండమీది సమాధులకు వెళ్లాం. అక్కడి గడ్డి మగవాళ్లు ముందే వెళ్లి కోసి ఉంచారు.

సాయంత్రం అత్తగారు మా నాన్నకు ఫోను కలపమన్నారు. తాతగారి తర్పణాలకు ఏమేం కావాలో అడిగారు. నువ్వులు, నీళ్లు, దర్భలు అని నాన్న చెబుతుంటే నేను కొరియన్‌లో చెప్పాను. నువ్వుల దగ్గర ఆవిడ ఆపి, తెల్లవా నల్లవా అని అడిగారు.